గ్యాలరీలో కుర్చీయా, హాల్లో సోఫాయా?

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలో ఆదివారాలు ఫుట్‌బాల్ సొంతం. ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో ఆడే ఆట గుర్తొస్తుంది. అక్కడ ఆ పేరుతో పిలిచేది కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆటని. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్ళ పరమవుతుంది. కింది సంవాదం అర్థం కావడానికి ఈ మాత్రం చాలు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, ఆలెన్‌లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కారెక్కితే గంటలోపు ఆర్లింగ్టన్‌లోని డాలస్ కౌబాయ్స్ స్టేడియం. అంత దగ్గర్లో మైదానం పెట్టుకుని హాల్లో హెచ్‌డీ టీవీ ముందు కూర్చోవడం ఆట చూడటం కిందికి వస్తుందా? ఒక బావకీ బావమరిదికీ మధ్య ఈ ప్రశ్న మీదే వాదం. బావది మైదానం పక్షం, బావమరిదిది ఇంటి పక్షం. ఇద్దరూ కల్పితులే గానీ వాళ్ళు చెప్పే లెక్కలు కల్పితాలు కావు. రాసేవాడి మొగ్గు ఎటో దాచడం దేనికి, బావమరిది వైపే. అయినా బావని ఊరికే ఓడించెయ్యాలన్న తొందరేమీ లేదు.

బావ: చూడు బామ్మర్దీ, టీవీలో కనిపించేది ఆట గురించి ఇంకొకడు చెప్పే చెప్పుడు మాట. ఎటు చూడాలో కెమెరా తిప్పేవాడి ఇష్టం. ఎంతసేపు చూడాలో బయట ట్రక్కులో కూర్చున్న డైరెక్టరు ఇష్టం. చూసి ఏమనుకోవాలో వ్యాఖ్యాత ఇష్టం. గ్యాలరీలో కూర్చున్నవాడి మీద ఈ ముగ్గురి పెత్తనం నడవదు, వాడి మెడ వాడిది. బొమ్మ ఎంత తేటగా ఉన్నా చెప్పుడు మాట చెప్పుడు మాటే కదా. పోనీ ఆటకైనా మేలు చేసిందా అంటే చరిత్ర ఒప్పుకోదు. 1950లో లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు సొంతూళ్ళో ఆడేవాటితో సహా తన ఆటలన్నీ టీవీకి ఇచ్చేసింది. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే స్టేడియానికి వచ్చే జనం దాదాపు సగానికి పడిపోయారు. జట్టు ఆడలేకపోయిందా అంటే అదీ లేదు, ఆ ఏడాది ఫైనల్ దాకా వెళ్ళింది. టికెట్ల నష్టాన్ని ఆ ప్రసారానికి డబ్బు పెట్టిన టీవీ సెట్ల కంపెనీ పూడ్చాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సొంతూరి ప్రసారం ఆపేస్తే జనం మళ్ళీ వచ్చారు. అప్పటి టీవీ ఎంతని? నలుపు తెలుపు, పలకంత అద్దం, ముసురు పట్టినట్టుండే బొమ్మ. ఆ బొమ్మకే స్టేడియం ఖాళీ అయితే గోడంత తెర ఏం చేస్తుందో నువ్వే ఆలోచించు.

బావమరిది: రామ్స్ సంగతి కాదనను బావా. కానీ లెక్కని 1950 దగ్గరే ఆపేస్తే ఎలా? ఆ దెబ్బకి హడలిపోయి, ఈ జట్లన్నిటినీ నడిపే ప్రొఫెషనల్ లీగ్, ఏ ఊళ్ళో ఆట జరిగితే ఆ ఊళ్ళో ప్రసారం ఆపెయ్యడం మొదలుపెట్టింది. ఆ హక్కు లీగ్‌కి ఉందని 1953లో ఫిలడెల్ఫియా కోర్టు కూడా అంది. 1958 డిసెంబరు 28న యాంకీ స్టేడియంలో కోల్ట్స్, జెయింట్స్ ఆడిన ఫైనల్ అదనపు సమయం దాకా వెళ్ళింది. ఈ ఆట దశ తిప్పిన మ్యాచ్ అదే అంటారు. దేశమంతా కళ్ళార్పకుండా చూసింది, ఒక్క న్యూయార్క్ తప్ప. ఆట జరుగుతున్న ఊరు కాబట్టి ఆ ఊరికి చూపించలేదు! 72 గంటల ముందే టికెట్లన్నీ అమ్ముడుపోతే ఆ ఊళ్ళోనూ చూపించాల్సిందేనని 1973లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2014లో ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ తన వంతు నిబంధన ఎత్తేసింది, 2015 సీజన్ నుంచి లీగ్ కూడా ఆ పద్ధతి వదిలేసింది. అంటే ఇప్పుడు టికెట్లు మిగిలిపోయినా సరే, పక్క వీధిలో ఆటని కూడా హాల్లోనే చూడొచ్చు, అదీ హెచ్‌డీలో. మీ వాదమే నిజమైతే ఈపాటికి స్టేడియాలు పావురాలకి మిగలాలి. కానీ మ్యాచ్‌కి సగటున 65,000 మందికి పైనే వస్తున్నారు. మీరు మాత్రం డెబ్బై ఐదేళ్ళ కిందటి ఆ ఒక్క సీజన్‌నే సాక్ష్యంగా నిలబెడుతున్నారు.

బావ: జనం వస్తున్నారంటే మైదానంలో ఉన్నది టీవీలో లేదనేగా అర్థం! నా మాటే నాకు అప్పజెబుతున్నావు.

బావమరిది: ఏదో ఉంది, ఒప్పుకుంటాను. హోరు ఉంది, పక్కవాడి భుజం ఉంది, ఆట మొదలయ్యే ముందు పార్కింగ్ స్థలంలో కార్ల వెనక పొయ్యిలు వెలిగించుకుని తినే తిండి ఉంది. అది జాతర. జాతరకి వెళ్ళొద్దని నేను అనను. నేననేది ఆట గురించి. ఏ ఆటని ఎక్కణ్ణించి చూడాలో ఆ ఆట కట్టుబడే చెబుతుంది. సాకర్‌లో, అంటే మన ఫుట్‌బాల్‌లో, బంతి ఆగదు, నలభై అయిదు నిమిషాలు ఒకటే ప్రవాహం, గ్యాలరీలో కూర్చుని ఆ ప్రవాహంలో పడిపోవచ్చు. ఈ ఆట అలా కాదు. గడియారం ప్రకారం ఆట 60 నిమిషాలు, ప్రసారం మూడు గంటలకు పైన. అందులో బంతి నిజంగా కదిలేది దాదాపు 11 నిమిషాలేనని 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ లెక్కగట్టింది. నాలుగైదు సెకన్లు కుమ్ములాట, ఆ తర్వాత అరనిమిషానికి పైగా గుమిగూడి గుసగుసలు. ఆ నాలుగు సెకన్లలో ఇరవై రెండు మంది ఇరవై రెండు పనులు చేస్తారు. ఏ మనిషి కన్నూ ఒక్క చూపులో పట్టుకోలేదు. అంటే ఈ ఆటకి రెండో చూపు కావాలి, దాన్ని అమర్చుకోవడానికి ఖాళీ ఆటలోనే ఉంది. 1963 డిసెంబరు 7న ఆర్మీ, నేవీ జట్ల మధ్య ఆటలో టోనీ వెర్నా అనే సీబీఎస్ డైరెక్టరు, అప్పుడే జరిగిన టచ్‌డౌన్‌ని, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించడాన్ని, టేపు వెనక్కి తిప్పి మళ్ళీ చూపించాడు. అలాంటిది జనం అంతకుముందు ఎరగరు. ఆర్మీ ఇంకోసారి టచ్‌డౌన్ చేసిందనుకుంటారేమోనని, ఇది పాతదే అని వ్యాఖ్యాత మొత్తుకోవాల్సి వచ్చింది. రీప్లే కనిపెట్టింది టీవీయే, కానీ దానికి చోటు ఈ ఆట ముందే ఇచ్చిపెట్టింది.

బావ: ఆ ఖాళీ అంతా రీప్లేలకే పోతోందా? ప్రకటనల మాట ఎత్తవేం? మూడు గంటల్లో గంట దాకా కార్లూ బీర్లూ బీమా కంపెనీలే. మైదానం పక్కన టీవీవాళ్ళ మనిషి ఒకడు నిలబడి ఉంటాడు. ప్రకటనలు అయ్యాయని వాడు సైగ చేసేదాకా ఆట మొదలవదు. అరవై వేల మంది, ఇరవై రెండు మంది ఆటగాళ్ళు, రిఫరీలు, అందరూ వాడి చేతికేసి చూడాలి. ఆటని ఇంతకన్నా అవమానించేది ఏముంది?

బావమరిది: అవమానమే. అయితే ఆ అవమానం ఎవరికి జరుగుతోందో చూడండి. ఇంట్లోవాడు ఆ రెండు నిమిషాల్లో లేచి కాఫీ కలుపుకొస్తాడు. వందల డాలర్లు పోసి టికెట్ కొన్నవాడు చలిలో చేతులు రుద్దుకుంటూ, తనకి కనిపించని ప్రకటన ఎప్పుడు అవుతుందా అని ఎదురుచూస్తాడు. అంటే ఆట ఎవరి కోసం నడుస్తోంది? డబ్బు లెక్కా అదే చెబుతుంది. 2021లో కుదిరిన ప్రసార ఒప్పందాల విలువ పదకొండేళ్ళకి 10,000 కోట్ల డాలర్లకి పైమాటే. ఆ సొమ్ముని 32 జట్లూ సమానంగా పంచుకుంటాయి. 1961 నాటి చట్టం వల్ల వచ్చిన పద్ధతి అది. లక్ష చిల్లర జనాభా ఉన్న గ్రీన్ బే అనే ఊరికి న్యూయార్క్‌తో సమానంగా ఒక జట్టు నిలిచి ఉందంటే ఆ పంపకం చలవే. టికెట్ల రాబడినే నమ్ముకుని ఉంటే ఆ ఊళ్ళో ఎప్పుడో జట్టు లేకుండా పోయేది. 2023లో అమెరికాలో అత్యధికులు చూసిన వంద ప్రసారాల్లో 93 ఈ లీగ్ ఆటలే. స్టేడియంలో ఉన్న అరవై వేల మందీ ఆ కోట్ల మంది చూసే బొమ్మలో వెనకాల కనిపించే జనం. ఈ మాట కటువుగా ఉంటుంది గానీ, వాళ్ళు డబ్బిచ్చి మరీ ఆ బొమ్మలో నిలబడుతున్నారు.

బావ: సరే, డబ్బు ఇంటివైపే ఉందనుకో. డబ్బు ఎటుంటే నిజం అటుంటుందా? నువ్వు మురిసిపోయే ఆ పసుపు గీత సంగతే తీసుకో. పది గజాలు ఎక్కడ పూర్తవుతాయో చూపిస్తూ తెర మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది. మైదానంలో ఆ గీత లేదు. ఆటగాడికి కనిపించదు, గ్యాలరీకి కనిపించదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించేదాన్ని స్పష్టత అంటావా?

బావమరిది: ఈ గీత దగ్గర కాస్త ఆగాలి బావా, ఇందులో చాలా పని ఉంది. 1998 సెప్టెంబరు 27న బాల్టిమోర్‌లో జరిగిన ఆటలో ఈఎస్‌పీఎన్ దాన్ని మొదటిసారి చూపించింది. తెర మీద గీత గియ్యడం ఎవరికైనా చేతనవును. ఆ గీత మైదానం మీదే సున్నంతో గీసినట్టు ఉండాలి, ఆటగాడు దాని మీదుగా పరుగెత్తితే అతని కాలి కింద నుంచి పోవాలి, అక్కడ ఉంది చిక్కు. చూడటానికి చదునుగా ఉంటుంది గానీ, నీళ్ళు నిలవకుండా మైదానం మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. అందుకని ముందే ప్రతి మైదానాన్నీ కొలిచి, ఆ ఉబ్బుతో సహా కంప్యూటర్‌లో దాని నమూనా పెట్టుకోవాలి. కెమెరా ఎంత తిరిగిందో, ఎంత వంగిందో, ఎంత దగ్గరికి లాగిందో కొలిచే పరికరాలు ఆ కెమెరాకే బిగించి ఉంటాయి. ఇక రంగులు. ఏది గడ్డి పచ్చనో, ఏది చొక్కా పచ్చనో వేరుచేస్తే తప్ప గీత మనిషి ఒంటి మీదికి ఎక్కకుండా ఉండదు. గ్రీన్ బే లాంటి పచ్చ చొక్కాల జట్టు దిగినా, వాన పడి గడ్డి బురదైనా, నీడ సగం మైదానం మీదికి వచ్చినా ఆ రంగుల పట్టిక మళ్ళీ సర్దుకోవాల్సిందే. ఇంత చేసి చూపించేది అబద్ధమా? పది గజాల హద్దు ఆట నియమాల్లో ఉంది, గడ్డి మీద లేదు, అంతే. రెండు కర్రలకి గొలుసు కట్టి మైదానం అంచున పట్టుకుని నిలబడతారే, వాళ్ళు చూపించేదీ ఆ హద్దునే. ఎటొచ్చీ గ్యాలరీలో వందో వరసలో కూర్చున్నవాడికి ఆ కర్ర సరిగా ఆనదు. ఇంకో సంగతి, 2025 సీజన్ నుంచి ఆ కొలత ముందుగా తీసేది కెమెరాలే, గొలుసు అవసరానికి పక్కన ఉంటుంది. రిఫరీ నమ్మినదాన్ని మనం నమ్మకపోతే ఎలా?

బావ: కెమెరా చూపించేదాని గురించి ఇంత చెప్పావు, అది దాచేదాని గురించి ఒక్క ముక్క లేదు. బంతి విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, దాన్ని అందుకోగానే మీ కెమెరా అతని మీదికి వాలుతుంది. ఆ క్షణంలో నలభై గజాల అవతల, రక్షణ జట్టులో అందరికన్నా వెనక ఉండే ఇద్దరు ఎటు జరుగుతున్నారన్నదే అసలు ఆట. క్వార్టర్‌బ్యాక్ కళ్ళు వెతికేది వాళ్ళనే. అతను చూస్తున్నదేమిటో నీకు కనిపించదు, అతని ముఖం మీద చెమట కనిపిస్తుంది. బంతి గాల్లోకి లేచాక కెమెరా పరుగున వెళ్ళేసరికి అక్కడ కథ అయిపోయి ఉంటుంది. అతను ఎందుకు అటు విసిరాడో, ఇటు ఎందుకు విసరలేదో నీకు వ్యాఖ్యాత చెప్పాలి. శిక్షకులు ఆటని అర్థం చేసుకోవడానికి ఏం చూస్తారో తెలుసా? ఎత్తు నుంచి ఇరవై రెండు మందీ ఒకేసారి కనిపించేలా తీసిన ఫిల్మ్. ప్రసారంలో వచ్చే బొమ్మతో వాళ్ళ పని జరగదు. వాళ్ళ తీర్పు కన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

బావమరిది: మీరు ఇంతవరకు చెప్పినవాటిలో గట్టి మాట ఇదే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబు ఉంది. ప్రసారం చేసేవాళ్ళకి ముఖాల మీద వ్యామోహం ఎక్కువ. హెచ్‌డీ వచ్చి ఆ వ్యామోహాన్ని ఇంకొంచెం పెంచిందంటే కాదనలేను. గెడ్డం మీద వెంట్రుకలు లెక్కపెట్టుకునేంత దగ్గరికి తీసుకెళ్ళి ఏం సాధిస్తారో నాకూ అర్థం కాదు. కానీ మీరు చెప్పే ఆ ఎత్తైన చూపు గ్యాలరీలో ఎంతమందికి దక్కుతుంది? మైదానానికి దగ్గరగా ఉండే ఖరీదైన వరసల్లో కూర్చుంటే ఎదురుగా కనిపించేది ఆటగాళ్ళ వీపులు. లోతు తెలియదు, ఎవరెంత దూరంలో ఉన్నారో తెలియదు. పై వరసల్లో, గోల్ స్తంభాల వెనక కూర్చుంటే ఇరవై రెండు మందీ కనిపిస్తారు, చొక్కా మీద అంకె మాత్రం కనిపించదు. ఇక మీరు చెప్పిన శిక్షకుల ఫిల్మ్ సంగతి. 2012 నుంచి లీగ్ దాన్ని మామూలు అభిమానులకి కూడా చందా మీద అందిస్తోంది. అంటే ఆ ఇరవై రెండు మంది చూపు కూడా చివరికి వచ్చి చేరింది ఇంటికే. రాత్రి ఆట చూసి, పొద్దున కాఫీ తాగుతూ అదే ఎత్తుగడని పైనుంచి ఆపి ఆపి చూసుకోవచ్చు. గ్యాలరీలో కూర్చున్నవాడికి ఆ అవకాశం లేదు, వాడూ ఇంటికొచ్చి టీవీ పెట్టుకోవాల్సిందే.

అంతెందుకు, మన ఆర్లింగ్టన్ స్టేడియాన్నే చూడండి. 2009లో కట్టినప్పుడు మైదానం నడినెత్తిన 160 అడుగుల పొడవు, 72 అడుగుల ఎత్తు ఉన్న హెచ్‌డీ తెరల్ని వేలాడదీశారు, అటు వరసలకి ఒకటి, ఇటు వరసలకి ఒకటి. ఆ ఏడాది ఆగస్టులో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో టెన్నెసీ ఆటగాడు కాలితో తన్నిన బంతి వెళ్ళి ఆ తెరకే తగిలింది. బంతి దారికి అడ్డం వచ్చినా తెరని కదపలేదు, ఆ తన్ను మళ్ళీ తన్నించారు. మొదటి సీజన్ ఆటకి అక్కడికి 1,05,121 మంది వచ్చారు. ఇప్పటికీ అక్కడ కూర్చున్నవాళ్ళ తలలు చూడండి, ఎక్కువసేపు పైకెత్తే ఉంటాయి. మైదానం కళ్ళెదుట ఉండగా జనం టీవీనే చూస్తున్నారు. ఈ ఆటకి ఏ చూపు సరిపోతుందో స్టేడియం కట్టినవాళ్ళకి మనకన్నా ముందే తెలుసు.

బావ: తెర పెద్దదైతే ఎవడి కళ్ళైనా అటే పోతాయి, అందులో వింతేముంది? అది కంటి బలహీనత. దాన్ని రుజువంటే ఎలా? అసలు ఈ హెచ్‌డీ అన్నది దుకాణంవాడి మాట. నాలుగేళ్ళకోసారి కొత్త అక్షరాలు తగిలించి పాత టీవీని మూలకి నెట్టించడమే వాళ్ళ పని.

బావమరిది: కొంత నిజం ఉంది, ముఖ్యంగా హెచ్‌డీ తర్వాత వచ్చిన అక్షరాల విషయంలో. హెచ్‌డీ దగ్గర మాత్రం జరిగిన మార్పు వేరు. 1939 అక్టోబరు 22న ఎన్‌బీసీ బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్ నుంచి మొదటిసారి ప్రొఫెషనల్ ఆటని చూపించినప్పుడు ఉన్నవి రెండే కెమెరాలు. ఎండ తగ్గేకొద్దీ బొమ్మ నల్లబడి, చివరికి వ్యాఖ్యాత గొంతు ఒక్కటే మిగిలింది. అక్కణ్ణించి మొదలై, రంగులు వచ్చాక కూడా చాలాకాలం బొమ్మ చదరానికి దగ్గరగానే ఉండిపోయింది. ఆట అడ్డంగా పరుచుకునేది, తెర నిలువుకి సరిపోయేది. ఆ చివర గీత పక్కన నిలబడ్డ ఆటగాళ్ళు బొమ్మలో పట్టేవాళ్ళు కాదు. వెడల్పాటి తెర రాగానే వాళ్ళు బొమ్మలోకి వచ్చారు, ఇది కళ్ళకి తెలిసే తేడా. రెండోది గీతల లెక్క. కనిపించే గీతలు 480 ఉన్నచోట 720 గానీ 1080 గానీ అయ్యాయి. ఫాక్స్, ఏబీసీ, ఈఎస్‌పీఎన్ 720 చాలనుకున్నాయి, ఎందుకంటే ఆ పద్ధతిలో సెకనుకి 60 పూర్తి బొమ్మలు వస్తాయి. సీబీఎస్, ఎన్‌బీసీ 1080 ఎంచుకున్నాయి, అందులో బొమ్మ సగం సగంగా వస్తుంది. నిలకడగా ఉన్న దృశ్యానికి రెండోది మేలు, విసిరిన బంతికి మొదటిది మేలు. కాగితం మీద పెద్ద అంకె ఉన్నంత మాత్రాన ఆటకి అది మంచిదని కాదు, ఈ సంగతి దుకాణంవాడు చెప్పడు.

ఇక ఈ స్పష్టత దేనికంటారా, కాలి బొటనవేలికి. బంతి పట్టినవాడి రెండు పాదాలూ హద్దు లోపల నేలని తాకితేనే ఆ పట్టు చెల్లుతుంది. ఒళ్ళంతా హద్దు బయటికి వాలిపోయి ఉంటుంది, చేతులు బంతి మీద ఉంటాయి, బూటు కొన మాత్రం తెల్ల గీతకి ఇవతల గడ్డిని గీరుతూ పోతుంది. కృత్రిమ గడ్డి అయితే ఆ గీరిన చోట నల్లటి రబ్బరు నలుసులు పైకి లేస్తాయి. పాత తెర మీద అక్కడ కనిపించేది తెలుపూ పచ్చా కలిసిన మసక. హెచ్‌డీలో ఆ నలుసులు కనిపిస్తాయి, తీర్పు వాటి మీద తేలుతుంది. ఈ ఆటలో అత్యంత అందమైన ఘడియల్లో ఇదొకటి. గ్యాలరీలో ఉన్న అరవై వేల మందిలో దాన్ని నేరుగా చూడగలిగేది ఆ మూల ముందు వరసల్లో ఉన్న ఓ ఇరవై మంది.

బావ: అంత దగ్గరగా చూపించే కెమెరా తలల్లో జరిగేది ఎందుకు చూపించదు? 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు, చనిపోయాక దానంగా వచ్చిన ఈ లీగ్ మాజీ ఆటగాళ్ళ మెదళ్ళు 111 పరీక్షిస్తే 110లో ఒక జబ్బు కనిపించింది. దెబ్బ మీద దెబ్బ తిని మెదడు క్రమంగా చెడిపోయే జబ్బు. నువ్వు సోఫాలో కూర్చుని ఆ ఢీకొట్టడాన్ని నాలుగు కోణాల్లో, నింపాదిగా, తేటగా చూస్తావు. దగ్గరైన కొద్దీ నొప్పి తెలియాలి. నీకు వినోదం పెరుగుతోంది.

బావమరిది: ఆ మెదళ్ళు చాలావరకు అనుమానం ఉన్న కుటుంబాలు ఇచ్చినవి, కాబట్టి ఆటగాళ్ళందరిలో అదే నిష్పత్తి అనలేం. అది పరిశోధకులే చెప్పారు. అయినా మీ మాట బరువు తగ్గదు. ఇక్కడ ఒక్క సంఘటన చెబుతాను. 2022 సెప్టెంబరు 25న మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా కింద పడి లేచి, రెండడుగులు వేసి తూలిపోయాడు. వైద్య పరీక్ష తర్వాత మళ్ళీ ఆడించారు, వీపు నొప్పి అన్నారు. నాలుగు రోజుల తర్వాత సిన్సినాటీలో ఇంకో దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద వెళ్ళాడు. ఆ తూలడం స్టేడియంలో ఎంతమంది కంటపడిందో గానీ, ఇళ్ళల్లో లక్షల మంది మళ్ళీ మళ్ళీ చూశారు, వీపు నొప్పి మాట నమ్మలేకపోయారు. అక్టోబరులోనే నిబంధన మారింది: అలా తూలినవాణ్ణి ఆ రోజు తిరిగి మైదానంలోకి పంపకూడదు. నొప్పి వినోదమవుతుందన్న మీ భయం నిజమే, కాదనను. కానీ దాన్ని కప్పిపుచ్చడం కష్టమైందీ ఆ బొమ్మ వల్లే.

బావ: బాగుంది. అయితే ఆ బొమ్మ ఇంకెంతకాలం నీ ఇంట్లో ఉంటుంది? గురువారం ఆటలు ఒక స్ట్రీమింగ్ సంస్థవి, వేరే ఊళ్ళ ఆదివారం ఆటలు ఇంకో సంస్థవి. 2024 జనవరి 13న కాన్సాస్ సిటీ, మయామీ మధ్య జరిగిన ప్లేఆఫ్‌ని ఆ రెండు ఊళ్ళు తప్ప దేశమంతా పీకాక్ అనే మరో స్ట్రీమింగ్ సంస్థకి చందా కట్టి చూడాల్సి వచ్చింది. గ్యాలరీకి టికెట్ ఉందని ఎగతాళి చేశావు, ఇప్పుడు నీ సోఫాకీ టికెట్ పెట్టారు. పైగా స్ట్రీమింగ్ అర నిమిషం వెనకబడి వస్తుంది. పక్కింటివాడి కేక విని నువ్వు ఫలితం తెలుసుకుంటావు.

బావమరిది: ఆ రాత్రి కాన్సాస్ సిటీలో చలి మైనస్ 20 డిగ్రీల సెల్సియస్. గ్యాలరీలో కూర్చున్నవాళ్ళలో కొందరికి వేళ్ళు చచ్చుబడి, తీసెయ్యాల్సి వచ్చింది. చందా కట్టి ఇంట్లో చూసినవాళ్ళు తిట్టుకున్నారు, వేళ్ళు మాత్రం పది పదీ ఉన్నాయి. హాస్యం పక్కన పెడితే, చందాల మీద మీ కోపంలో నేనూ భాగస్వామినే. ఇల్లు ఈ ఆటకి అసలు గ్యాలరీ అన్నది నా మాటైతే, ఆ గ్యాలరీ తలుపుకి తాళం వేసే ఎవరినైనా నేను మీకన్నా గట్టిగా తిట్టాలి. ఊరట ఏమిటంటే, ఏ సంస్థ కొనుక్కున్నా ఆడే జట్ల సొంతూళ్ళలో ఆ ఆటని మామూలు చానల్లో ఉచితంగా ఇవ్వాలన్నది లీగ్ పద్ధతి.

బావ: చివరిగా ఒకటి అడుగుతాను. ఆలెన్‌లో బడి పిల్లల కోసం 18,000 మంది పట్టే స్టేడియం ఉంది. శుక్రవారం రాత్రి అక్కడ ఆట, వందల మంది పిల్లల బ్యాండు. ఆ బ్యాండులో మన పిల్లలూ ఉంటారు. అది కూడా సోఫాలోంచే చూస్తావా?

బావమరిది: అక్కడ నేను మీ వెంట వస్తాను బావా. నాకన్నా ముందు ఆ తేడా చట్టం గుర్తించింది. లీగ్‌కి ప్రసార హక్కులు మూకుమ్మడిగా అమ్ముకునే వీలిచ్చిన 1961 చట్టమే ఒక షరతూ పెట్టింది: సెప్టెంబరు రెండో శుక్రవారం నుంచి డిసెంబరు రెండో శనివారం దాకా, శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక గానీ శనివారం గానీ, బడి, కాలేజీ ఆటలు జరిగే చోటికి 75 మైళ్ళ లోపు లీగ్ ఆట చూపిస్తే ఆ వెసులుబాటు వర్తించదు. అందుకే ఆ నెలల్లో లీగ్ శుక్రవారం రాత్రికీ శనివారానికీ దూరంగా ఉంటూ వచ్చింది. బడి ఆటలో ముప్పై కెమెరాలు ఉండవు, పసుపు గీత ఉండదు, ప్రకటన కోసం ఆట ఆగదు. ఆడేవాడు మన వీధి కుర్రాడు, కింద పడితే వాళ్ళమ్మ ఎక్కడ కూర్చుందో కూడా మనకి తెలుస్తుంది. ఆ ఆట గ్యాలరీ కోసం పుట్టింది, గ్యాలరీలోనే చూడాలి. కౌబాయ్స్ ఆట కెమెరా కోసం పెరిగింది, దాన్ని ఇంట్లో చూడటంలో లోటేమీ లేదు, ఎక్కువే ఉంది.

వాదం ఇక్కడికి ఆగింది. బావ ఒప్పుకున్నాడని రాయడం అన్యాయం, ఒప్పుకోలేదు. దాచేదాని గురించి ఆయన చెప్పినది నిలబడే ఉంది, ఆట చూసేటప్పుడు మనసులో పెట్టుకోవాలి. డాలస్ ప్రాంతపు పాఠకులకి మాత్రం ఒక మాట. నవంబరు నాలుగో గురువారం, థ్యాంక్స్‌గివింగ్ నాడు, కౌబాయ్స్ సొంత మైదానంలో ఆడతారు. 1966 నుంచి ఒకటి రెండేళ్ళు తప్ప ఏటా ఇదే ఆనవాయితీ. బంధువులంతా ఒకచోట చేరే రోజే అది. దానికి చందా అక్కర్లేదు, కేబుల్ పెట్టె అక్కర్లేదు. ఈ ప్రాంతపు ప్రధాన చానళ్ళ టవర్లు డాలస్‌కి నైరుతిలో సీడార్ హిల్ దగ్గర ఉన్నాయి. మామూలు యాంటెన్నా ఒకటి కొని, కిటికీ దగ్గరో అటక మీదో అటువైపు తిప్పి పెడితే హెచ్‌డీ బొమ్మ గాలిలోనే వస్తుంది, స్ట్రీమింగ్ కన్నా ముందే వస్తుంది. ఆట మొదలయ్యే ముందు టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి, కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్‌ని ఆపెయ్యండి. లేని బొమ్మల్ని మధ్యలో కల్పించి చేర్చేది, ఎగిరే బంతి చుట్టూ మసక తెచ్చేది అదే.